సగటు ఫ్రేములు చెప్పని నిజం: గేమింగ్ కంప్యూటర్‌ను ఎలా కొలవాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అందరూ సీటీసీ అని పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు గేమింగ్ కంప్యూటర్ కోసం వెళ్లే కుర్రాళ్ల దగ్గర ఇప్పుడు భాగాల జాబితా ముందే సిద్ధంగా ఉంటోంది. ఏ ప్రాసెసర్, ఏ గ్రాఫిక్స్ కార్డు, ఏ ఆటలో సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్న లెక్కలన్నీ వీడియోల్లో చూసి, పోల్చుకుని మరీ వెళ్తున్నారు. లక్ష రూపాయలు దాటే కొనుగోలుకు ఆ జాగ్రత్త ఉండాల్సిందే. కానీ ఆ జాబితాకు ఆధారమైన అంకె, అంటే సగటు ఎఫ్‌పీఎస్, యంత్రం గురించి చెప్పేది కొంతే. ఆట కుదుపుల్లేకుండా సాగుతుందా? మే నెల మధ్యాహ్నం కూడా అలాగే సాగుతుందా? రెండేళ్ల తర్వాతా నమ్మకంగా నడుస్తుందా? ఈ ప్రశ్నలకు ఆ అంకెలో జవాబు దొరకదు.

గేమింగ్ కంప్యూటర్‌కు మొదట కావలసింది నిలకడ, వేగం దాని తర్వాతే అన్నది ఈ వ్యాసం వాదన. మూడు దశాబ్దాలుగా పరీక్షా పద్ధతులు మారుతూ వచ్చిన తీరును, ఇవాళ సమీక్షకుల మధ్య నలుగుతున్న వివాదాలను, మన ఎండలను, మన కరెంటును కలిపి చూస్తే ఆ మాటే తేలుతుంది.

సగటు నుంచి ఒక్కో ఫ్రేము దాకా

1996లో వచ్చిన 'క్వేక్' ఆటలో టైమ్‌డెమో అనే సదుపాయం ఉండేది. ముందే రికార్డు చేసి ఉంచిన ఆటను కంప్యూటర్ తనకు చేతనైనంత వేగంగా ఆడించి, మొత్తం ఫ్రేములను పట్టిన సెకన్లతో భాగించి చూపేది. అందరికీ ఒకే దృశ్యం, ఒకే లెక్క. అంతకు ముందు 'నా కంప్యూటర్ వేగంగా ఉంది' అని నోటిమాటగా చెప్పుకునేవాళ్లకు అది గట్టి కొలబద్దను ఇచ్చింది. 1998లో 3డీమార్క్ అనే పరీక్షా ప్రోగ్రామ్ రావడంతో ఈ పోటీకి మార్కుల పట్టిక కూడా తోడైంది.

మార్కులు అమ్మకాలను నిర్ణయించడం మొదలయ్యాక తయారీదారుల చూపు ఆటగాళ్ల మీద నుంచి పరీక్ష మీదకు మళ్లింది. 2001లో ఏటీఐ సంస్థ రేడియాన్ 8500 కార్డు విషయంలో ఒక చిన్న ప్రయోగం పెద్ద దుమారం రేపింది. 'క్వేక్ 3' ప్రోగ్రామ్ ఫైలు పేరును 'క్వాక్' అని మార్చగానే వేగం తగ్గింది, బొమ్మ నాణ్యత పెరిగింది. ఆట పేరును పసిగట్టి, బొమ్మను కాస్త పలచన చేసి డ్రైవర్ ఎక్కువ ఫ్రేములు చూపిస్తోందని తేలింది. 2003 మేలో 3డీమార్క్ తయారీదారు ఫ్యూచర్‌మార్క్, ఎన్విడియా డ్రైవర్లు తమ పరీక్షను గుర్తుపట్టి ప్రవర్తన మార్చుకుంటున్నాయని ప్రకటించింది. కొద్ది రోజుల తర్వాత రెండు సంస్థలూ కలిసి విడుదల చేసిన ప్రకటనలో మాటల తీవ్రత తగ్గినా, చదువరులకు పాఠం అందింది. ఒకే ఒక్క అంకె మీద వ్యాపారం ఆధారపడితే ఆ అంకెను పెంచే మార్గాలు పుట్టుకొస్తాయి.

అసలు మలుపు 2011లో వచ్చింది. 'ది టెక్ రిపోర్ట్' సంపాదకుడు స్కాట్ వాసన్, సెకను లోపల ఏం జరుగుతోందో చూడాలని వాదిస్తూ ఒక దీర్ఘ వ్యాసం రాశారు. ఆయన వాదన అర్థం కావడానికి చిన్న లెక్క చాలు. ఒక సెకనులో 59 ఫ్రేములు ఒక్కొక్కటి 8 మిల్లీసెకన్లలో వచ్చాయనుకుందాం. వాటికి పట్టింది 472 మిల్లీసెకన్లు. అరవయ్యో ఫ్రేము ఒక్కటే మిగిలిన 528 మిల్లీసెకన్లు తీసుకుంది. లెక్క ప్రకారం ఇది 60 ఎఫ్‌పీఎస్. ఆడేవాడికి మాత్రం తెర అర సెకను పాటు బిగుసుకుపోయింది. ఆ అర సెకనులోనే ప్రత్యర్థి కాల్చేస్తాడు. అందుకని సెకనుకు ఎన్ని ఫ్రేములు అనే లెక్క పక్కనే, ఫ్రేముకు ఎన్ని మిల్లీసెకన్లు అనే లెక్కా ఉండాలని వాసన్ చెప్పారు. ఈ లెక్కలో 60 ఎఫ్‌పీఎస్ అంటే ప్రతి ఫ్రేమూ 16.7 మిల్లీసెకన్లకు అందాలి, 144 అంటే 6.9 మిల్లీసెకన్లకు.

2013లో ఎన్విడియా ఎఫ్‌క్యాట్ అనే పద్ధతిని సమీక్షకులకు అందించింది. ప్రతి ఫ్రేము అంచునా ఒక రంగు పట్టీ వేసి, మానిటర్‌కు వెళ్లే వీడియోను మరో కంప్యూటర్‌లో రికార్డు చేసి, ఏ ఫ్రేము తెర మీద ఎంతసేపు ఉందో లెక్కగట్టే పద్ధతి అది. రెండు ఏఎండీ కార్డులు జతచేసిన యంత్రాల్లో కొన్ని ఫ్రేములు తెర మీద సన్నటి గీతలంత మాత్రమే కనిపించి మాయమవుతున్నాయని దాంతో బయటపడింది. కంటికి ఆనకపోయినా సగటులో అవి పూర్తి ఫ్రేములుగానే చేరుతున్నాయి. అదే ఏడాది ఆగస్టులో ఫ్రేముల మధ్య ఎడాన్ని సరిచేసే డ్రైవర్‌ను ఏఎండీ విడుదల చేసింది. కొలత మెరుగైతే సరుకూ మెరుగవుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఈ రంగంలో లేదు.

ఇప్పుడు ఈ కొలతలకు ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్, దాని ఆధారంగా పనిచేసే క్యాప్‌ఫ్రేమ్‌ఎక్స్, చాలామంది వాడే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఇంట్లోనే ప్రతి ఫ్రేము సమయాన్నీ నమోదు చేస్తాయి. సమీక్షల్లో సగటు పక్కనే '1% లో' అనే అంకె కూడా స్థిరపడింది. దాన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. కొన్ని సాధనాలు నూటికి 99 ఫ్రేములు ఏ వేగానికి పైన ఉన్నాయో ఆ హద్దును చూపిస్తాయి. మరికొన్ని అట్టడుగు ఒక శాతం ఫ్రేముల సగటును చూపిస్తాయి. ఒకే రికార్డింగ్ నుంచి ఈ రెండూ వేర్వేరు అంకెలు ఇస్తాయి. కాబట్టి ఒక సమీక్షకుడి '1% లో'ను మరొకరి దానితో పోల్చకూడదు. ఒకే సమీక్షకుడి పట్టికలో రెండు కార్డులను పోల్చుకోవడమే సబబు.

వెనకబడుతున్నది ఎవరు?

పరీక్షల గురించి ఎక్కువగా వినిపించే అభ్యంతరం ఒకటుంది. '4కే మానిటర్ కొనేవాడికి ప్రాసెసర్ పరీక్ష 1080పీలో చేసి చూపడం దేనికి?' అని. ప్రశ్నలో న్యాయముంది, జవాబు యంత్రం పనితీరులో ఉంది.

ప్రతి ఫ్రేముకూ రెండు దశలు. పాత్రలు ఎక్కడున్నాయి, తూటా ఎటు పోతోంది, ఏమేం గీయాలి అన్నవి ప్రాసెసర్ తేలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు గీస్తుంది. రెండింటిలో నెమ్మదైనదే వేగాన్ని నిర్ణయిస్తుంది. 4కేలో గీత పని విపరీతంగా పెరిగి కార్డే వెనకబడుతుంది కాబట్టి ఏ ప్రాసెసర్ పెట్టినా దాదాపు ఒకే అంకె వస్తుంది. ఆ పరీక్ష ప్రాసెసర్‌ను కొలవలేదు. 1080పీలో అత్యంత బలమైన కార్డు పెట్టి చూస్తేనే ప్రాసెసర్ ఎంతవరకు పోగలదో తెలుస్తుంది.

కొనేవాళ్లు ఈ రెండు పరీక్షలనూ కలిపి చదువుకోవాలి. మీరు ఆడే ఆటలో ఒక ప్రాసెసర్ 130 ఫ్రేముల దాకా పోగలదని ఒక పట్టిక చెప్పింది. మీ మానిటర్ రిజల్యూషన్‌లో మీ కార్డు 80 ఇస్తుందని మరో పట్టిక చెప్పింది. మీ యంత్రం ఇచ్చేది 80కి అటూ ఇటూగా ఉంటుంది. అప్పుడు ఇంకా ఖరీదైన ప్రాసెసర్‌కు పోవడం డబ్బు వృథా, కార్డుకు ఆ డబ్బు కలపడం లాభం. ఆట నడుస్తుండగా కార్డు వాడకం 97, 98 శాతం దగ్గర నిలిస్తే వెనకబడుతున్నది కార్డని అర్థం. 60 శాతం దగ్గరే ఉండి, ఫ్రేములకు ఎక్కడా పరిమితి పెట్టకుండానే అవి పెరగకపోతే ప్రాసెసర్ వైపు చూడాలి.

నిలకడ విషయంలో ప్రాసెసర్ పాత్ర సగటు చెప్పేదానికన్నా పెద్దది. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ తెచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ దీన్ని నిరూపించింది. దాని క్లాక్ వేగం మామూలు 5800ఎక్స్ కంటే తక్కువ. కానీ చిప్పు మీద మరో పొర మెమరీని పేర్చి ఎల్3 క్యాష్‌ను 96 ఎంబీకి పెంచారు. ఆటకు పదేపదే కావలసిన సమాచారం ర్యామ్ దాకా వెళ్లకుండా దగ్గరే దొరకడంతో చాలా ఆటల్లో అది అన్నను మించిపోయింది. తర్వాత వచ్చిన 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీ కూడా ఆ దారిలోనే గేమింగ్ పట్టికల పైన కూర్చున్నాయి. గిగాహెర్ట్జ్ చూసి ప్రాసెసర్ ఎంచుకునే అలవాటుకు కాలం చెల్లింది.

గీసిన ఫ్రేములు, ఊహించిన ఫ్రేములు

ఇవాళ అన్నిటికన్నా వేడిగా ఉన్న వివాదం ఫ్రేమ్ జనరేషన్. 2022లో ఎన్విడియా డీఎల్‌ఎస్‌ఎస్ 3తో, 2023లో ఏఎండీ ఎఫ్‌ఎస్‌ఆర్ 3తో దీన్ని ప్రవేశపెట్టాయి. ఆట లెక్కగట్టి గీసిన రెండు ఫ్రేముల మధ్య కార్డు తానే ఒకటి ఊహించి చొప్పిస్తుంది. 2025 జనవరిలో డీఎల్‌ఎస్‌ఎస్ 4 వచ్చాక అలా మూడేసి ఫ్రేములు చొప్పించే వీలు కలిగింది. దాన్ని ప్రకటించిన వేదిక మీదే ఎన్విడియా అధినేత జెన్సన్ హువాంగ్, 549 డాలర్ల ఆర్‌టీఎక్స్ 5070 ఆర్‌టీఎక్స్ 4090 పనితీరు ఇస్తుందని ప్రకటించారు. సమీక్షకులు చొప్పించిన ఫ్రేములను పక్కనపెట్టి కొలిస్తే 5070 ఆ దరిదాపుల్లో కూడా లేదు.

ఈ సాంకేతికతను మోసమని కొట్టిపారేయడం తగదు. ఒంటరిగా, తీరిగ్గా ఆడే కథా ప్రధానమైన ఆటలో అసలు వేగం ఇప్పటికే 70 దగ్గర ఉంటే, చొప్పించిన ఫ్రేములు కంటికి మరింత నునుపుగా అనిపిస్తాయి. కానీ మౌస్ నొక్కినప్పుడు ఆట స్పందించేది అసలు ఫ్రేముల్లోనే. పైగా మధ్య ఫ్రేమును ఊహించాలంటే తర్వాతి ఫ్రేము సిద్ధమయ్యేదాకా దాన్ని ఆపి ఉంచాలి, కాబట్టి ఆలస్యం కొంత పెరుగుతుంది. అసలు వేగం 30 ఉన్నచోట తెర మీద 100 చూపించినా చేతికి ఆ బరువు తెలుస్తూనే ఉంటుంది. అందువల్ల ఈ రెండు రకాల ఫ్రేములను ఒకే పట్టీలో కలిపి చూపే ఏ పట్టికనూ కొనుగోలుకు ఆధారంగా తీసుకోకూడదు. అసలు వేగం, దాని 1% లో, ఆలస్యం, ఆ తర్వాతే చొప్పించిన ఫ్రేములు అన్న వరుస ఉండాలి.

అంకెల్లోకి రాని మరో సమస్య గ్రాఫిక్స్ మెమరీ. 2023లో 'హాగ్వార్ట్స్ లెగసీ', 'ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 1' వంటి ఆటలు వచ్చాక 8 జీబీ కార్డుల పరిమితి బయటపడింది. ఆర్‌టీఎక్స్ 4060 టీఐ ఒకే చిప్పుతో 8 జీబీ, 16 జీబీ రకాల్లో దొరకడం వల్ల పోల్చి చూడటం సులువైంది. మెమరీ నిండినప్పుడు కొన్ని ఆటలు కుదుపులకు లోనవుతాయి. మరికొన్ని వేగాన్ని నిలుపుకుంటూనే గోడలు, బట్టలు, ముఖాల మీది వివరాలను మసకబారుస్తాయి. రెండో రకంలో రెండు కార్డుల ఎఫ్‌పీఎస్ దాదాపు సమానంగానే కనిపిస్తుంది. బొమ్మను పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. కాబట్టి మంచి పరీక్షలో చూపు తెర మీద కూడా ఉండాలి.

మన గది, మన కరెంటు

విదేశీ సమీక్షలు చాలావరకు 21 నుంచి 25 డిగ్రీల గదుల్లో జరుగుతాయి. రెంటచింతలలోనో రామగుండంలోనో ఎండాకాలం బయట 45 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో 36, 38 డిగ్రీలు మామూలే. ఏ కూలరైనా చేసేది చిప్పు వేడిని గది గాలికి అప్పగించడమే. అందువల్ల చూడాల్సింది గది మీద ఎంత పెరిగిందన్న తేడాను. 22 డిగ్రీల గదిలో కార్డు 70 డిగ్రీలకు చేరిందంటే పెరుగుదల 48. అదే కార్డు, అదే ఫ్యాన్ వేగంతో 38 డిగ్రీల గదిలో 86కు చేరుతుంది. ఆచరణలో ఫ్యాన్లు మరింత హోరెత్తి కొంత తగ్గిస్తాయి. అదీ చాలనప్పుడు చిప్పు తన వేగాన్ని తానే కోసుకుంటుంది. సమీక్షలో చూసిన ఫ్రేములు ఇంట్లో రాకపోవడానికి ఒక ప్రధాన కారణం ఇది.

దీన్నిబట్టి ఖర్చు పెట్టే క్రమం మారాలి. అందంగా మెరిసే గాజు ముందుభాగం ఉన్న క్యాబినెట్ కంటే గాలి ధారాళంగా వచ్చే జాలీ ముందుభాగం ఉన్నది మనకు మేలు. ముందు రెండు ఫ్యాన్లు గాలిని లోపలికి తోస్తూ, వెనక ఒకటి బయటికి పంపే అమరిక చాలామందికి సరిపోతుంది. దుమ్ము ఫిల్టర్లు ఉండాలి, వాటిని తరచూ శుభ్రం చేయాలి. కార్డుకు పవర్ లిమిట్ కొద్దిగా తగ్గించడం మరో మంచి పద్ధతి. చాలా కార్డుల్లో చివరి కొద్దిపాటి వేగం కోసమే వాట్లు విపరీతంగా ఖర్చవుతాయి, కాబట్టి కొద్ది ఫ్రేములు వదులుకుంటే వేడి బాగా తగ్గుతుంది. 500 వాట్లు లాగే కంప్యూటర్ గదిలో 500 వాట్ల హీటర్‌తో సమానం. ఒకటిన్నర టన్ను ఏసీ సామర్థ్యంలో పదో వంతు దాని వేడిని తోడటానికే పోతుంది.

కరెంటు సంగతి ఇంకా ముఖ్యం. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ దగ్గర పొదుపు చేయడం మన దగ్గర పాతుకుపోయిన అలవాటు. డబ్బా మీది 80 ప్లస్ గుర్తు కరెంటు ఎంత వృథా అవుతుందో మాత్రమే చెబుతుంది. షార్ట్ సర్క్యూట్ అయినప్పుడు, లోడు మించినప్పుడు ఎస్‌ఎంపీఎస్ మిగతా భాగాలను కాపాడుతుందా అన్నది ఆ గుర్తు పరిధిలో లేదు. కొత్త గ్రాఫిక్స్ కార్డులు సెకనులో పదో వంతు కూడా లేని సమయంలో రెట్టింపు కరెంటు లాగి వదులుతాయి. అందుకే 2022 నాటి ఏటీఎక్స్ 3.0 ప్రమాణం, ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని చెప్పింది. అదే ఏడాది ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల 16 పిన్నుల కనెక్టర్లు కరిగిపోయిన ఘటనలు వచ్చాయి. పూర్తిగా లోపలికి నెట్టకపోవడం ఒక ముఖ్య కారణమని పరిశీలనల్లో తేలింది. తర్వాత ఆ కనెక్టర్ డిజైన్‌ను సవరించారు. అయినా బిగించాక వేలితో నొక్కి, కంటితో చూసి నిర్ధారించుకోవడం తప్పనిసరి.

ఎర్తింగ్ లేని ఇళ్లలో క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమనడం చాలామందికి తెలిసిన అనుభవమే. ఎస్‌ఎంపీఎస్‌లోని ఫిల్టర్ నుంచి కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోయే దారి లేక లోహం మీదకు చేరడం దానికి కారణం. ఖరీదైన కార్డు కొనేముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించడం తెలివైన ఖర్చు. యూపీఎస్ తీసుకునేవాళ్లు అది ప్యూర్ సైన్ వేవ్ రకమేనా అని అడగాలి. చవక యూపీఎస్‌లు ఇచ్చే మెట్లమెట్ల తరంగంతో కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కరెంటు పోయిన క్షణంలోనే ఆగిపోతాయి.

బిగించాక చేయాల్సిన పరీక్షలు

కొత్త యంత్రంలో వేగం తగ్గడానికి తరచూ చిన్న కారణాలే ఉంటాయి. 6000 వేగం గల డీడీఆర్5 ర్యామ్ కొన్నా, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో ఆన్ చేయకపోతే అది 4800 వద్దే నడవొచ్చు. రెండు ర్యామ్‌లకు బదులు ఒక్కటే పెడితే మెమరీ దారి సగమవుతుంది, ముందుగా దెబ్బతినేది 1% లో. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండు, నాలుగు స్లాట్లు వాడాలి. మానిటర్ తీగ మదర్‌బోర్డుకు పోకుండా గ్రాఫిక్స్ కార్డుకే తగిలించాలి. 144 హెర్ట్జ్ మానిటర్‌ను విండోస్‌లో 144కు మార్చుకోవాలి.

తర్వాత నిలకడ పరీక్షలు. మొదట మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను కనీసం ఒక రాత్రంతా పరీక్షించాలి. ఓసీసీటీ లేదా ప్రైమ్95తో ప్రాసెసర్‌ను శ్రమ పెట్టి ఉష్ణోగ్రత చూడాలి. కార్డుకు 3డీమార్క్ స్ట్రెస్ టెస్ట్ బాగుంటుంది. ఒకే దృశ్యాన్ని 20 సార్లు నడిపి, అత్యల్ప వేగం అత్యధిక వేగంలో కనీసం 97 శాతం ఉంటేనే పాస్ చేస్తుంది. వేడెక్కాక వేగం జారిపోయే యంత్రం అక్కడ దొరికిపోతుంది. ప్రధాన సంఖ్యల అన్వేషణ కోసం పుట్టిన ప్రైమ్95 శక్తి తక్కువది కాదు. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లలో కంప్యూటర్ బిగుసుకుపోయే లోపాన్ని పట్టిచ్చింది ఈ ప్రోగ్రామే.

అయితే ఒకరోజు పరీక్షతో అంతా తేలిపోదని 2024 నేర్పింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ వల్ల నెలలు గడిచేకొద్దీ క్షీణించాయి. ఆటలు మొదలయ్యేటప్పుడు వీడియో మెమరీ చాలలేదన్న సందేశంతో ఆగిపోయేవి. సందేశం చూసి గ్రాఫిక్స్ కార్డును అనుమానించినవాళ్లు ఎందరో, లోపం మాత్రం ప్రాసెసర్‌లో ఉంది. ఇంటెల్ ఆ ఆగస్టులో 0ఎక్స్129 అనే మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్న చిప్పులను ఆ సవరణ బాగుచేయలేదు. బిల్లు భద్రంగా ఉంచుకోవడం, బయాస్‌ను తాజాగా ఉంచడం, కొన్నప్పటి పరీక్షా ఫలితాలను దాచుకుని ఆర్నెల్లకోసారి పోల్చుకోవడం ఎందుకు అవసరమో దీనితో తెలుస్తుంది.

ఆఖరున ఆట పరీక్ష. ఆటలోనే ఉండే బెంచ్‌మార్క్ సులువైన దారి, కానీ అది అసలు ఆటలోని అత్యంత బరువైన సన్నివేశాన్ని చూపకపోవచ్చు. మీరు రోజూ ఆడే ఆటలో, కిక్కిరిసిన చోట, ఒకే మార్గంలో మూడుసార్లు నడిచి కొలవాలి. కొత్తగా వచ్చిన ఆటల్లో షేడర్లు సిద్ధమయ్యేటప్పుడు మొదటిసారి కుదుపులు రావడం సహజం కాబట్టి మొదటి నడకను విడిగా రాసుకోవాలి. మిగతా వాటిలో తేడా బాగా ఉంటే లోపం ఎక్కడో వెతకాలి.

తేలింది ఏమిటి?

టైమ్‌డెమో నుంచి ఫ్రేము సమయాల దాకా వచ్చిన ఈ ప్రయాణంలో పరీక్షకుల శ్రద్ధ సగటు వేగం నుంచి ఆడేవాడి అనుభవం వైపు మళ్లింది. అక్కడితో ఆగితే మన అవసరానికి సగమే తీరింది. విదేశీ సమీక్షకుల గది చల్లన, కరెంటు స్థిరం. మన వాతావరణానికి తగిన కొలతలను మనమే తయారు చేసుకోవాలి. తెలుగులో కంప్యూటర్ సమీక్షలు చేసే యువకులు ఇప్పుడు ఎందరో ఉన్నారు. ప్రతి ఫలితం పక్కనా గది ఉష్ణోగ్రత రాయడం, ఏసీ లేకుండా ఎండాకాలంలో ఒకసారి కొలవడం, చొప్పించిన ఫ్రేములను వేరుగా చూపడం, 1% లో ఏ పద్ధతిలో లెక్కించారో చెప్పడం అనే నాలుగు పనులు వాళ్లు చేపడితే మనవాళ్లకు మరెవరూ ఇవ్వలేని సమాచారం దొరుకుతుంది.

కొనేవాళ్లకు చెప్పదగింది కూడా స్పష్టమే. బడ్జెట్ బిగుతుగా ఉంటే గ్రాఫిక్స్ కార్డులో ఒక మెట్టు దిగండి, ఎస్‌ఎంపీఎస్‌లో, గాలి ఆడే క్యాబినెట్‌లో, జంట ర్యామ్‌లో దిగవద్దు. కార్డును రెండేళ్ల తర్వాత మార్చుకోవచ్చు. నాసిరకం ఎస్‌ఎంపీఎస్ పాడైతే దానితో పాటు మరేవి పోతాయో ఎవరూ చెప్పలేరు. కష్టపడి కూడబెట్టిన డబ్బుతో కట్టించుకున్న కంప్యూటర్ 120 ఫ్రేముల సగటుతో మధ్యమధ్య బిగుసుకుపోవడం కంటే, 90 దగ్గర ఏ కుదుపూ లేకుండా ఎండాకాలమంతా నడవడమే ఆ డబ్బుకు దక్కిన న్యాయం.